పస్తుకు చప్పట్లు కొట్టకండి

మొన్న మాఘమాసంలో పల్నాడులోని మా మాచవరంలో ఒక పెళ్లికి వెళ్లాను. బంతిలో నాకు ఎదురు వరసలో మా వీధి కోడలు ఒకామె కూర్చుంది. ప్రైవేటు స్కూల్లో టీచరు, ఇద్దరు పిల్లల తల్లి. ముద్దపప్పు, గోంగూర, గుత్తివంకాయ, పులిహోర, బూరెలు వరసగా వస్తున్నాయి. అన్నిటికీ ఆమె విస్తరి మీద చెయ్యి అడ్డం పెడుతోంది. చివరికి మజ్జిగ ఒక్కటే పోయించుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఒకటే మెచ్చుకోవడం. "అబ్బ, ఏం చిక్కావే! ఎట్టా ఉండగలుగుతున్నావే?" అని ఒకరు. "బూరెలు ఎదురుగా పెట్టుకుని ముట్టకుండా ఉండటమంటే మాటలా? నీ పట్టుదలకి దండం పెట్టాల" అని ఇంకొకరు. "మా కోడలికి కాస్త చెప్పమ్మా, ఒక్క పూటైనా నోరు కట్టుకోదు" అని ఒక పెద్దావిడ. ఆమె నవ్వుతూ లేచింది. లేచినామె కుర్చీ వీపు పట్టుకుని అట్లాగే కాసేపు ఆగిపోయింది. గాజులు మోచేతి దాకా జారాయి. కుర్చీని పట్టుకున్న ఆ చేతిని పొగిడేవాళ్లెవరూ చూడలేదు.

బరువు తగ్గాలనుకునే మనిషికి ఇంటివాళ్లూ ఇరుగుపొరుగూ అండగా నిలవాల్సిందే. కానీ తక్కువ తిన్నందుకు, ఒక పూట మానేసినందుకు, ఆకలిని బిగబట్టినందుకు మెచ్చుకోవడం అండ అనిపించుకోదు. అది ఆ మనిషిని ఇంకాస్త మాడమని ముందుకు నెట్టడమే. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. బతుకంతా జనం బరువు చూసిన మనిషిగా అంటున్నాను.

ఈ ప్రాంతంలో ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరయ్యాను. మాచవరం, పిన్నెల్లి, మోర్జంపాడు, పిల్లుట్ల ఊళ్లు తిరిగినంత కాలం నా సంచీలో బీపీ మిషనుతో పాటు పసిపిల్లల్ని వేలాడదీసి తూచే కాటా ఉండేది. నా ఉద్యోగమంతా బరువు పెరిగితే సంతోషించిన ఉద్యోగం. కడుపుతో ఉన్న పిల్ల ఏ నెల ఎంత పెరిగిందో తల్లీబిడ్డల కార్డులో రాసేదాన్ని. తొమ్మిది నెలల్లో పది, పన్నెండు కిలోలు పెరగాలని ఆ పిల్లకీ అత్తగారికీ కూర్చోబెట్టి చెప్పేదాన్ని. పుట్టిన బిడ్డ రెండున్నర కిలోలకు తగ్గకుండా తూగితే ఆ ఇంటివాళ్లతో సమానంగా నాకూ సంబరం. హైస్కూలు ఆడపిల్లలకు వారానికొక నీలం రంగు ఐరన్ మాత్ర ఎదురుగా నిలబడి మింగించేవాళ్లం. మిరపకోతలకు తెల్లారకముందే ఆటో ఎక్కే తల్లి కూలికి పోతూ పోతూ "బిడ్డ సరిగా తినడంలా సిస్టరమ్మా" అని దిగులు పడేది. తినకపోవడం దిగులు పడాల్సిన సంగతి అని ఈ ఊళ్లలో ఎవరూ ఎవరికీ నేర్పాల్సిన పని ఉండేది కాదు.

అలాగని లావు మంచిదని నేను చెప్పను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 36 శాతం మంది ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు. పల్నాడు జొన్నకూటి నేల. శ్రీనాథుడంతటి కవి ఇక్కడి జొన్నన్నం తినలేక చాటువులు చెప్పాడని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు కాలువల్లోకి వచ్చాయి, వరి వచ్చింది, జొన్న పక్కకు పోయింది. ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నమో, దాని పిండితో చేసిన టిఫినో. ఒళ్లు వంచే పని మాత్రం మోటారుకీ మిక్సీకీ అప్పగించాం. ఇంటికొక షుగరు, ఇంటికొక మోకాళ్ల నొప్పి. తగ్గాల్సినవాళ్లు తగ్గాల్సిందే, అందులో రెండో మాట లేదు.

అయితే అదే సర్వేలో పక్కనే ఇంకో అంకె ఉంది. అదే వయసు ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తం తక్కువ. ఈ రెండు అంకెలనూ కలిపి చదవాలి. లావుగా కనిపించే ఆడమనిషి ఒంట్లోనూ రక్తం లేకపోవచ్చు. ఆమె కంచంలో అన్నం ఎక్కువై పప్పు, గుడ్డు, ఆకుకూర తక్కువై ఉండవచ్చు. అట్లాంటి మనిషి డైటింగ్ పేరుతో ఉన్న తిండి కూడా మానేస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. కాటా మీద మాత్రం ముల్లు కిందికి దిగుతుంది. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. ఆ దిగిన కిలోల్లో కొవ్వెంత, కండెంత, నీళ్లెంత అని కాటా చెప్పదు.

మొదటి వారం సంగతి మరీ ముఖ్యం. అన్నం మానెయ్యగానే ఒంట్లో దాచిన పిండిపదార్థం ఖర్చవుతుంది, దాన్ని పట్టుకుని ఉన్న నీరు దాంతో పాటే పోతుంది. రెండు మూడు కిలోలు ఇట్టే తగ్గినట్టు కనిపిస్తుంది. పొగడ్తలు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. తర్వాత తగ్గడం నెమ్మదిస్తుంది, అది సహజం. సాగర్‌లో నీళ్లు తగ్గాయంటే రైతులు వంతులు పెట్టుకుని ఉన్న నీళ్లనే సర్దుకున్నట్టు, తిండి తగ్గాక శరీరం కూడా ఖర్చు తగ్గించుకుంటుంది. కానీ చుట్టూ ఉన్నవాళ్లు మొదటి వారంలాగే ప్రతి వారమూ "ఇంకెంత తగ్గావ్?" అని అడుగుతుంటారు. ఆ మెప్పు నిలబెట్టుకోవాలంటే ఆమెకు కనిపించే దారి ఒకటే, ఇంకాస్త తిండి కోసేయడం.

ఆ పెళ్లి జరిగిన కొన్నాళ్లకు ఆ టీచరు మా ఇంటికి వచ్చింది. తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు వస్తోందని, ఏదైనా నూనె చెప్పమని అడిగింది. నూనె మాట పక్కన పెట్టి, నెలసరి వస్తోందా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. చలి వేస్తోందా అంటే, పిల్లలు ఫ్యాను వేస్తే తాను దుప్పటి కప్పుకుంటోందట. మా రెంటచింతల, గురజాల ఎండలు రాష్ట్రమంతా చెప్పుకునే ఎండలు. మార్చి నెలలో ఇక్కడ దుప్పటి కప్పుకునే మనిషి ఒంట్లో ఏదో తేడా ఉన్నట్టే. ఏం తింటున్నావమ్మా అని అడిగాను. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కీరా ముక్కలూ ఒక యాపిలూ, రాత్రి మజ్జిగ. అన్నీ కలిపితే నాలుగు వందల క్యాలరీలు కూడా ఉండవు. బళ్లో రోజంతా నిలబడి పాఠం చెప్పే మనిషి, ఇంటికొచ్చి వంటా బట్టలూ చూసుకునే మనిషి బతుకుతున్న తిండి అది.

తినమని చెప్పాను. ఆమె అన్న మాట విని నా నోట మాట రాలేదు. "ఇప్పుడు తింటే అందరూ ఏమనుకుంటారు అత్తా?"

తర్వాత మెల్లగా చెప్పింది. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వెయ్యకుండా నిలబడి, గిన్నెలో అడుగున మిగిలిన అన్నం గబగబా తినేస్తోందట. తిన్నాక ఏడుపు వస్తోందట. మర్నాడు దానికి శిక్షగా ఇడ్లీ కూడా మానేస్తోందట. పొగడ్త ఏం చేస్తుందో ఆ మాటల్లో ఉంది. ఊరంతా మెచ్చుకున్నది ఆమె తినకపోవడాన్ని. అప్పటినుంచీ తినడమనేది చాటుగా చేసే పనైపోయింది. పొగిడిన ప్రతివాళ్లూ ఆమెకు కాపలావాళ్లుగా తోచారు. ఆమె గురించి మంచిగా మాట్లాడాలనే అందరూ అనుకున్నారు, ఎవరి మనసులోనూ చెడు లేదు. అయినా ఆకలేస్తోందని చెప్పుకోవడానికి ఆమెకు ఒక్క మనిషి కూడా మిగల్లేదు.

డాక్టరుకు చూపించుకుంది. రక్తం బాగా తగ్గింది. ఇప్పుడు కోలుకుంటోంది.

ఆకలి మనిషి మనసును ఏం చేస్తుందో ప్రపంచానికి 80 ఏళ్ల కిందటే తెలుసు. 1944 చివర అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను తీసుకుని ఒక పరిశోధన మొదలుపెట్టారు. యుద్ధంలో ఆయుధం పట్టబోమని చెప్పి, దానికి బదులుగా ఈ పనికి ఇష్టపడి వచ్చినవాళ్లు వాళ్లు. 24 వారాల పాటు వాళ్లకు తిండి సగానికి తగ్గించారు. వాళ్ల బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది. ఎండాకాలంలోనూ చలి అన్నారు. చిరాకు, దిగులు పట్టుకున్నాయి. ఇరవై నాలుగు గంటలూ తిండి గురించే ఆలోచన, వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చోవడం. మళ్లీ తిండి పెట్టాక కూడా చాలామందికి ఎంత తిన్నా తృప్తి లేకుండా పోయింది. అంత కష్టపెట్టిన ఆ సగం తిండి ఎంతో తెలుసా? రోజుకు సుమారు 1570 క్యాలరీలు. మన పెళ్లి పందిళ్లలో, మన వాట్సాప్ గ్రూపుల్లో చప్పట్లు అందుకుంటున్న తిండి అందులో సగం, మూడో వంతు, ఒక్కోసారి నాలుగో వంతు. వాళ్లు మగపిల్లలు, కాస్త ఎక్కువ తిండి కావాల్సినవాళ్లు, నిజమే. ఆ తేడా తీసేసి చూసినా లెక్క భయపెడుతుంది.

హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో పుట్టి 1958లో మన దగ్గరికి వచ్చిన సంస్థ. దేశమంతటికీ ఏం తినాలో చెప్పేది వాళ్లే. బరువు తగ్గడానికి తినే తిండి రోజుకు వెయ్యి క్యాలరీలకు తగ్గకూడదనీ, వారానికి అరకిలో చొప్పున తగ్గడం క్షేమమనీ వాళ్ల మార్గదర్శకాలు చెబుతున్నాయి. అరకిలో. నెలకు రెండు కిలోలు. ఈ వేగంతో తగ్గే మనిషిని మన ఊళ్లో ఎవరూ గుర్తుపట్టరు, ఎవరూ ఆపి అడగరు. నెలకు ఆరేడు కిలోలు తగ్గినవాళ్లనే ఆపి అడుగుతాం. అంటే మనం మెచ్చుకునేది ఆ సంస్థ వద్దన్న వేగాన్నే. అంత వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది, రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా ఊడవచ్చు, ఆడవాళ్లకు నెలసరి ఆగిపోవచ్చు.

షుగరున్నవాళ్ల విషయంలో ఈ పొగడ్త ప్రాణం మీదికే వస్తుంది. మా ఊళ్లో ఒక కిరాణా కొట్టాయన గ్లిమిపిరైడ్ అనే షుగరు మాత్ర వేసుకుంటాడు. ఎవరో చెప్పారని రాత్రి అన్నం పూర్తిగా మానేశాడు. షుగరు తగ్గింది, పొట్ట తగ్గింది. ఇంట్లోవాళ్లు వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పారు. మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకుంటున్నాడు. ఒక రాత్రి ఒళ్లంతా చెమట, వణుకు, పొంతన లేని మాటలు. వాళ్లబ్బాయి పరుగున వచ్చి నన్ను తీసుకుపోయాడు. మిషను పెట్టి చూస్తే షుగరు యాభైకి దిగువన ఉంది. మింగగలిగే తెలివి ఇంకా ఉంది కాబట్టి పంచదార నీళ్లు తాగించి, 108కి ఫోన్ చేయించాను. ఆ మాత్ర తిండి తిన్నా తినకపోయినా షుగరును దించుతూనే ఉంటుంది. తిండి తగ్గిస్తే మాత్ర కూడా మార్చాలి, ఆ మార్పు డాక్టరే చెయ్యాలి. ఆయన్ను పొగిడినవాళ్లలో "మాత్ర సంగతేంటి?" అని ఒక్కరైనా అడిగి ఉంటే ఆ రాత్రి వచ్చేది కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. 2017, 18 సంవత్సరాల్లో వీరమాచనేని రామకృష్ణ గారి సభలకు మన జిల్లాల్లో జనం వేలల్లో వెళ్లారు. అన్నం మానేసి కొబ్బరి నూనె, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, విటమిన్ మాత్రలతో గడిపారు. అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే మంతెన సత్యనారాయణరాజు గారి మాట విని ఉప్పూ నూనే మానేసినవాళ్లు ఉన్నారు. మాకు షుగరు తగ్గింది, మాత్రలు పోయాయి, తక్కువ తింటే తప్పేంటి అని వాళ్లు అడుగుతారు. తక్కువ తిండితో షుగరు వెనక్కి వెళ్తుందనడానికి గట్టి రుజువే ఉంది. బ్రిటన్‌లో న్యూకాసిల్, గ్లాస్గో విశ్వవిద్యాలయాల వాళ్లు చేసిన డైరెక్ట్ అనే పరిశోధన 2017 డిసెంబరులో లాన్సెట్ పత్రికలో వచ్చింది. షుగరు వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లకు రోజుకు 825 నుంచి 853 క్యాలరీల తిండి మూడు నుంచి ఐదు నెలలు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది.

ఆ పరిశోధన ఎట్లా జరిగిందో కూడా చూడాలి. మొదటి రోజే షుగరు మాత్రలు, బీపీ మాత్రలు ఆపించారు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లను అందులో చేర్చుకోలేదు. తిండి తక్కువైనా విటమిన్లూ ఖనిజాలూ కొలిచి కలిపారు. నర్సో, పోషకాహార నిపుణులో క్రమం తప్పకుండా పిలిచి చూశారు. ఆ తర్వాత మామూలు తిండిని మెల్లమెల్లగా తిరిగి మొదలుపెట్టించారు. వాళ్లకు దొరికిన అండ అది. ఎదురుగా కూర్చుని నాడి చూసే మనిషి, మందు మార్చే మనిషి, ఎప్పుడు ఆపాలో చెప్పే మనిషి. మన దగ్గర దానికి బదులు దొరుకుతున్నది ఫోనులో చప్పట్ల బొమ్మ.

చప్పట్లు ఎంత దూరం తీసుకెళ్తాయో చెప్పడానికి హైదరాబాదు పక్కన జరిగింది ఒకటి చాలు. 2016 అక్టోబరు మొదటి వారంలో సికింద్రాబాదులో 13 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. 68 రోజులు మతపరమైన ఉపవాసం చేసింది. ఉపవాసం ముగిసిన సందర్భంగా వేడుక చేశారు, పెద్దలు వచ్చి ఆశీర్వదించారు, ఫొటోలు దిగారు. ఆ తర్వాత రెండు రోజులకే ఆ పిల్ల ప్రాణం పోయింది. బాలల హక్కుల సంఘాలు ఫిర్యాదు చేశాయి, పోలీసు కేసు నమోదైంది. ఆ కుటుంబం విశ్వాసాన్ని తప్పుపట్టడానికి నేను దీన్ని గుర్తుచేయడం లేదు. వాళ్ల కడుపుకోత వాళ్లది. అక్కడికి వచ్చినవాళ్లలో అంత మంది పెద్దవాళ్లు ఉన్నారు కదా, ఆ పిల్ల ఎట్లా ఉందో చూడాల్సిన కళ్లన్నీ ఆమె గొప్పతనం చూడటంలో మునిగిపోయాయి. నా బాధ అది.

ఉపవాసాలు మనకు కొత్త కాదు. కార్తీక సోమవారం నాడు ఉపవాసమున్న అమ్మ నక్షత్రం చూశాక పులగమో, పప్పన్నమో కడుపునిండా తింటుంది. శివరాత్రి జాగారం చేసి కోటప్పకొండ నుంచి వచ్చినవాళ్లకు పారణ ఉంటుంది. మా ఊళ్లలో ముస్లిం ఇళ్లలో రంజాన్ నెలంతా రోజా ఉంటారు. పొద్దుగూకితే ఇఫ్తార్, తెల్లారకముందే సహరీ. కడుపుతో ఉన్నవాళ్లకూ జబ్బు మనుషులకూ అందులో మినహాయింపు ఉంది. ఎప్పుడు ఆపాలో, ఎవరు చెయ్యకూడదో పెద్దలు ముందే ఏర్పాటు చేసి పెట్టారు. ఇప్పటి డైటింగ్‌కు నక్షత్రమూ లేదు, పొద్దుగూకడమూ లేదు. ఎంత తగ్గినా ఇంకొంచెం తగ్గితే బాగుంటుంది అనే మనిషి ఒకరు పక్కన ఉంటూనే ఉంటారు.

2025 మార్చిలో కేరళ కన్నూరు జిల్లాలో 18 ఏళ్ల కాలేజీ అమ్మాయి చనిపోయింది. లావైపోతానన్న భయంతో నెలల తరబడి దాదాపు ఏమీ తినకుండా నీళ్లతో గడిపింది. డాక్టర్లు దాన్ని అనొరెక్సియా అన్నారు, అంటే తిండికి సంబంధించిన మానసిక జబ్బు. ఈ జబ్బు మొదలయ్యేటప్పుడు అందరికీ మంచి అలవాటులాగే కనిపిస్తుంది. "మా అమ్మాయి ఒక్క చపాతీయే తింటుంది, అన్నం ముట్టదు" అని తల్లులు మురిసిపోయి చెప్పడం నేను నరసరావుపేటలోనూ విన్నాను, పిడుగురాళ్లలోనూ విన్నాను. ఇంటరు చదివే పిల్ల, ఎదిగే వయసు, నెలనెలా రక్తం పోయే ఒళ్లు. ఆ పిల్లకు అన్నం ముట్టకపోవడం ఒక ఘనతగా ఇంట్లోనే నేర్పితే రేపు ఆమె ఎక్కడ ఆగాలో ఎవరు చెబుతారు? ఈ గోల మగపిల్లలకూ అంటుకుంది. పోలీసు సెలక్షన్లకని, జిమ్ బాడీ కోసమని మధ్యాహ్నం ఎండలో పరిగెత్తి రాత్రి తినకుండా పడుకునే కుర్రాళ్లను చూస్తున్నాను.

సినిమావాళ్ల నుంచి పిల్లలు నేర్చుకుంటారంటారు. వాళ్లే ఎంత నలిగారో కూడా పిల్లలకు చెప్పాలి. "నువ్వు నాకు నచ్చావ్" చూసినవాళ్లెవరూ ఆర్తీ అగర్వాల్‌ను మర్చిపోరు. కొవ్వు తీయించుకునే ఆపరేషన్ చేయించుకున్న కొన్ని వారాలకు, 2015 జూన్ 6న అమెరికాలో చనిపోయింది. 31 ఏళ్లు. ఆమె లావైందని అంతకుముందు ఎంత మంది ఎన్ని మాటలన్నారో మనకు గుర్తుంది. అదే ఏడాది నవంబరులో అనుష్క నటించిన "సైజ్ జీరో" వచ్చింది. బరువు తగ్గిస్తామని జనాన్ని మోసం చేసేవాళ్ల మీద తీసిన సినిమా. దాని కోసం ఆమె నిజంగానే బరువు పెరిగింది. ఆ తర్వాత ఆమె ఏ పాత్ర వేసినా జనం మొదట ఆమె ఒళ్లే కొలిచారు. ఎగతాళీ పొగడ్తా వేరువేరు అనుకుంటాం. లావైతే నవ్విన నోరే సన్నబడితే మెచ్చుకుంటుంది. మెచ్చుకోలు విన్న మనిషికి ఆ నవ్వు కూడా గుర్తుంటుంది, మళ్లీ లావైతే అదే వస్తుందని భయం ఉంటుంది.

"మరి మంచిమాట చెప్పకపోతే ఎట్టా నిలబడతారు సిస్టరమ్మా?" అని నాతో వాకింగ్‌కు వచ్చేవాళ్లే అడిగారు. మంచిమాట చెప్పండి, చాలా చెప్పండి. దేనికి చెబుతున్నారో చూసుకోండి. నలభై నిమిషాలు నడిచినందుకు చెప్పండి. అన్నం ఒక గరిట తగ్గించి ఆ జాగాలో పప్పూ కూరా పెంచుకున్నందుకు చెప్పండి. సాయంత్రం మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఆగకుండా వచ్చి ఇంట్లో శనగలు తిన్నందుకు చెప్పండి. షుగరు పరీక్ష తేదీ మర్చిపోకుండా చేయించుకున్నందుకు, బాగా నిద్రపోయినందుకు, మెట్లెక్కితే ఆయాసం రావడం లేదని చెప్పినప్పుడు సంతోషించండి. ఇవన్నీ పదేళ్లు చేసినా ఒంటికి మేలు చేసేవే. తినకుండా ఉండటాన్ని పదేళ్లు ఎవరూ చెయ్యలేరు, చెయ్యకూడదు.

మాటతో పాటు పని కూడా కావాలి. మన ఇళ్లలో డైటింగ్ చేసే ఆడమనిషి అందరికీ పులుసూ వేపుళ్లూ వండి వడ్డించి, తాను మాత్రం కీరా ముక్కలు నములుతూ కూర్చుంటుంది. ఇంట్లోవాళ్లు ఆమె సహనాన్ని మెచ్చుకుంటారు. ఆ మెప్పు వద్దు. రాత్రికి ఇంటిల్లిపాదీ జొన్నరొట్టే ఆకుకూర పప్పూ తినండి. మన నేల పంట, మన తాతలు తిన్న తిండి. భర్త రొట్టె చెయ్యడం నేర్చుకోవచ్చు, కష్టమేమీ కాదు. అత్తగారు ఆమె కంచంలో ఒక గుడ్డు పెట్టి, తినేదాకా పక్కన కూర్చోవచ్చు. కారంపూడిలో ఏటా వీరుల ఉత్సవాలకు చాపకూడు పెడతారు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టి తినిపించాడని దాన్ని ఈనాటికీ తలుచుకుంటున్నాం. కలిసి కూర్చుని తినడాన్ని ఇంత గౌరవించే నేల మీద, ఒక మనిషి విస్తరి ఖాళీగా ఉన్నందుకు చుట్టూ చేరి మెచ్చుకోవడం నాకు మింగుడుపడటం లేదు.

ఈసారి ఎవరైనా బాగా చిక్కి కనిపిస్తే వెంటనే "ఎంత తగ్గావ్?" అని అడగకండి. జబ్బు చేసి తగ్గారో, దిగులుతో తగ్గారో మనకు తెలియదు. షుగరు ముదిరినా, టీబీ వచ్చినా మనిషి చిక్కిపోతాడు. అట్లాంటి మనిషిని కూడా "బాగున్నావ్, ఏం చేశావ్?" అని అడిగినవాళ్లను చూశాను. కుశలం అడగండి. ఓపిక ఉంటోందా, నిద్ర పడుతోందా, కళ్లు తిరుగుతున్నాయా అని అడగండి. ఆడవాళ్లయితే, మీకు చనువుంటే, నెలసరి సరిగా వస్తోందా అని అడగండి. మాత్రలు వాడేవాళ్లయితే డాక్టరుకు చెప్పే తిండి తగ్గించారా అని అడగండి. వీటిలో దేనికి తేడా జవాబు వచ్చినా అక్కడితో వదలకుండా దగ్గర్లోని ఆసుపత్రికి తోడు వెళ్లండి.

మీ ఇంట్లో పిల్లలు తిండి దాస్తుంటే, తిన్నాక బాత్రూములోకి వెళ్లి వాంతి చేసుకుంటుంటే, బక్కగా ఉండి కూడా లావుగా ఉన్నామని ఏడుస్తుంటే తిట్టకండి, బతిమాలి ఊరుకోకండి. అది మొండితనం కాదు, వైద్యం ఉన్న జబ్బు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో టెలీ మానస్ అనే ఫోను సేవ మొదలుపెట్టింది. నంబరు 14416. డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.